ఆపేసిన అలారం

బోధన్ చుట్టుపక్కల చెరకు తోటల మీద విమానంతో పురుగుమందు చల్లే కంపెనీలో లక్ష్మీరాజం పెద్ద పైలట్. ఇనాయత్‌కు ఆ పని నేర్పింది అతడే. రెండువేల సంవత్సరం వానాకాలంలో యజమాని, వచ్చే సీజనుకు ఒక్క పైలట్ చాలన్నాడు. ఆ ఒక్కడూ ఇనాయతేనని లక్ష్మీరాజానికి అర్థమైపోయింది. శిష్యుడి చెయ్యే నిలకడగా ఉందని రైతులు అతడి ముందే అనేవాళ్లు.

విమానాన్ని మరమ్మతుకు ఇనాయత్ హైదరాబాద్ తీసుకుపోవాల్సి వచ్చింది. దారి పక్కనే సైనిక విమానాలు తిరిగే నిషేధిత ప్రాంతం ఉంది. అలాంటి హద్దు దగ్గరపడితే విమానంలోని కొత్త జీపీఎస్ పరికరం ముందే మోగి హెచ్చరిస్తుంది. ఏయే హద్దులకు మోగాలో మాత్రం మనమే పెట్టుకోవాలి. దాని సంగతి అంతగా తెలియని ఇనాయత్, నువ్వే పెట్టియ్యి అన్నా అని పరికరాన్ని లక్ష్మీరాజం చేతిలో పెట్టి పెట్రోలు పోయించడానికి వెళ్లాడు.

లక్ష్మీరాజం షెడ్డులో కూర్చుని మీటలు నొక్కాడు. పిల్లవాడికి అనుమానం రాకుండా మిగతా అలారాలన్నీ ఉంచి, నిషేధిత ప్రాంతానిది ఒక్కటే ఆపేశాడు. వాడి లైసెన్సు పోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు.

దారిలో మబ్బులు కమ్ముకొచ్చాయి. వాటిని తప్పించుకోవడానికి ఇనాయత్ పక్కకు తిరిగాడు. పరికరం మోగలేదు కాబట్టి హద్దు దూరంగానే ఉందనుకున్నాడు. నిషేధిత ప్రాంతం మీదుగా ఎగిరి నేల మీదికి దిగగానే అధికారులు పట్టుకున్నారు.

అధికారులు పరికరాన్ని పరిశీలించారు. ఆ ఒక్క అలారమే ఆపి ఉండడం, పైగా అతడి పేరు ఇనాయత్ కావడం వాళ్లకు సరిపోయింది. కావాలనే చొరబడ్డాడన్నారు. లక్ష్మీరాజాన్ని పిలిచి అడిగితే, తాను దాన్ని ముట్టనే లేదని చెప్పాడు. గొంతు తడబడుతుందేమోనని భయపడ్డాడు గాని, తడబడలేదు.

ఇనాయత్ తల్లి హుసేన్ బీ నిజామాబాద్‌లో లక్ష్మీరాజం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మిషను ఖరాబై ఉంటుందని అధికారులతో ఒక్క మాట చెప్పమని బతిమాలింది.

"మిషన్ మంచిగనే ఉందమ్మా. నీ కొడుకునే అడుగు," అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది.

చలికాలంలో ఇనాయత్‌ను కేసు లేకుండానే వదిలేశారు. లైసెన్సు మాత్రం తిరిగి రాలేదు. ఎడమ చెవి వినపడకుండా పోయింది. ఒకనాడు, మందు చల్లి దిగిన లక్ష్మీరాజం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, దాన్ని పెట్టమని నీకే ఇచ్చిన అనుకుంటున్న. కాదు కాదని వాళ్లు కొట్టంగ కొట్టంగ నాకే సమజైతలేదు. నీకిచ్చిన్నా?"

తన మాట స్పష్టంగా వినబడాలని లక్ష్మీరాజం అతడి కుడి పక్కకు జరిగాడు.

"ఇయ్యలే తమ్మీ. నువ్వే పెట్టుకున్నవ్. నేను వద్దన్నా ఇనకుండ గదొక్కటి బంద్ చేసినవ్."

"అయితే నేనే చేసిన్నేమో," అన్నాడు ఇనాయత్ చివరికి. ఆ ముఖంలో కాస్త నెమ్మది కనిపించింది. ఊరికే నిన్ను అనుమానపడ్డ, మాఫ్ చెయ్యమని అడిగి, విమానం రెక్కను ఒకసారి తడిమి వెళ్లిపోయాడు.

లక్ష్మీరాజం మందు నింపించుకుని వర్ని ఊరి చెరకు తోటల వైపు ఎగిరాడు.