పక్కవారి ఊపిరి

నేను ఒక గొట్టాన్ని. రబ్బరుతో పుట్టాను. పసుపుపచ్చ రంగు, మూరన్నర పొడవు. సముద్రంలో మునిగేవాళ్ళు వీపున గాలి సిలిండరు కట్టుకుంటారు కదా, దాని రెగ్యులేటరు నుంచి రెండు గొట్టాలు నోటిదాకా వస్తాయి. నల్లది తన కోసం. పసుపుది పక్కవారికి గాలి అందకపోతే ఇవ్వడానికి. సొంత డబ్బు పెట్టి పక్కవారి ఊపిరి కొనే మనుషులున్నారని తెలిసి, ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు నాకు మానవజాతి మీద గొప్ప గౌరవం ఉండేది. అప్పటికి నేనింకా ఏ ఇంటికీ వెళ్ళలేదు.

విశాఖపట్నంలో ఒక దుకాణానికి చేరాను. అక్కడికి కూర్మారావుగారు, ఆయన భార్య హైమ వచ్చారు. పుట్టినప్పటి నుంచి సముద్రాన్ని ఒడ్డున కూర్చుని, మురీ మిక్చరు తింటూ చూసినవాళ్ళే ఇద్దరూ. ఈసారి పెళ్ళిరోజుకి హైమ గాజులు అడగలేదు, సముద్రం లోపలికి తీసుకెళ్ళమంది. ఇద్దరూ కలిసి దిగాలన్నది షరతు.

ఇద్దరికీ కలిపి ఒక్క పసుపు గొట్టం చాలనుకున్నారు. బల్ల మీద నన్నూ, బారెడు దాటిన మా అన్ననీ పక్కపక్కన పెట్టారు.

“పొడుగుదే తీసుకోండి. కొంచెం ఎడంగా ఈదినా అందుతాది,” అంది హైమ.

“ములక్కాడలాగ వేలాడతాదే. ఇది చూడు, ఒంటికి అతుక్కుని ఎంత పద్ధతిగా ఉందో.”

“పాతికేళ్ళబట్టి నేనూ పద్ధతిగానే ఉన్నాను. ఇప్పుడైనా కొంచెం ఎడంగా ఈదుదామని.”

కూర్మారావుగారు నన్ను మెడ దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. పక్కవారికి అందించాల్సిన వస్తువును తన ఒంటికి కొలుచుకోవడం ఏమిటని నాకప్పుడు తట్టలేదు. ఎంపికైనందుకు మురిసిపోయాను. అన్న వంక చూడనైనా లేదు.

వారింట్లో టీవీ రిమోటుకు కవరు, సోఫాకు కవరు, సోఫా కవరు మాయకుండా దాని మీద తువ్వాలు. నా చివరనున్న మౌత్‌పీసుకు కూడా పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, కొత్తిమీర కట్టకు వచ్చిన రబ్బరుబ్యాండు బిగించారు.

సముద్రంలో దిగే రోజు పడవలో శిక్షకురాలు నూకరత్నం అందరి సామాన్లూ తనిఖీ చేస్తూ, “కవరు తీసీండి సార్, దీనికి జలుబు చెయ్యదు,” అంది. తీశారు. ఆమె అటు తిరగగానే పడవ అడుగున ఇసుక కనబడి, మనసొప్పక మళ్ళీ తొడిగారు. దిగేముందు తీద్దామనుకున్నారు. దిగేముందు మనిషికి దిగడం ఒక్కటే గుర్తుంటుంది.

లోపల నీలి వెలుగు. చేపల గుంపును చూసి హైమ చటుక్కున తిరిగేసరికి ఆమె నోట్లోని నల్ల గొట్టం జారి వీపు వెనక్కి పోయింది. తడుముకుంది, దొరకలేదు. నేర్పినట్టే భర్త వైపు తిరిగి, గాలి లేదన్న గుర్తుగా గొంతు మీదుగా చెయ్యి అడ్డంగా ఆడించింది. ఆయన గబగబా నన్ను లాగి అందించారు. ఆమె నోటికి కవరు తగిలింది.

నాలో కావలసినంత గాలి ఉంది. ఆయన వేళ్ళు రబ్బరుబ్యాండును గీరుతూనే ఉన్నాయి. కంగారులో ఆమె కాస్త వెనక్కి జరిగింది. నేను అందలేదు. ఈలోగా నూకరత్నం వచ్చి తన పొడుగు గొట్టం ఆమె నోటికి ఇచ్చింది. హైమ చూపు భర్త మీద నుంచి మరల్చకుండానే పరాయి గాలి పీల్చుకుంది.

ఒడ్డుకు వచ్చాక కూర్మారావుగారు నన్ను తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టారు.

“ఇసక పడతాదని...” అన్నారాయన.

హైమ జుట్టు పిండుకుంటూ, “రిమోట్‌కి కట్టేరు, సోఫాకి కట్టేరు, ఊరుకున్నాను,” అంది. “అక్కడ మిమ్మల్ని నమ్ముకుని నోరు తెరిచేనండీ.”

ఆయన మళ్ళీ సముద్రంలో దిగలేదు. హైమ మానలేదు. పొడుగు గొట్టం కొనుక్కుని ఆదివారాలు నూకరత్నం బృందంతో వెళ్తుంది. వచ్చాక చేపల రంగుల గురించి చెబుతుంది, కూర చేస్తూ, పొయ్యి వైపు తిరిగి.

నేను షోకేసులో ఏటికొప్పాక బొమ్మల పక్కన ఉన్నాను, కవరుతో సహా. చుట్టాలు “కొత్తదా?” అంటారు. “కొత్తదే,” అంటారు కూర్మారావుగారు.

మొన్న ఆదివారం హైమ వెళ్ళిపోయాక ఆయన నన్ను కిందికి దించారు. రబ్బరుబ్యాండు తీశారు. కవరు తీశారు. ఇంట్లో ఎంత సులువుగా వచ్చిందో. నా కొస పట్టుకుని, ఆమె కూర్చునే కుర్చీ వైపు చెయ్యి చాపారు. అలాగే కాసేపు ఉన్నారు.

తర్వాత ఫ్యాను వైపు చూసి, దుమ్ము పడుతుందనుకున్నారు కాబోలు, మళ్ళీ కట్టేశారు.