సబ్బు తీశావా

సిగ్నె మోకాళ్ళ మీద వంగి, చెయ్యి భుజం దాకా అడుగుపలకల కిందికి దూర్చి, పడవలో మిగిలిన నీళ్ళను స్పాంజితో లాగి బకెట్లో పిండుతోంది. ఆ నీళ్ళు అక్కడే ఉంటే చలికి గడ్డకట్టి చెక్కను చీలుస్తాయి. ఎడమ మోకాలి కింద మడతపెట్టిన గోనెసంచి వేసుకుంది. ఆ మోకాలు రెండేళ్ళుగా మాట వినడం లేదు, అయినా దాని గురించి ఎవరైనా అడిగితే సిగ్నెకు ఒళ్ళు మండుతుంది.

పడవ పేరు లెర్కె. చిన్న గది, చిన్న ఇంజను ఉన్న పాతకాలపు చెక్కపడవ. రేవులో మిగతా పడవలన్నీ శరత్కాలంలో గట్టెక్కి టార్పాలిన్లు కప్పుకుంటాయి. లెర్కె మాత్రం చలికాలమంతా నీళ్ళలోనే ఉంటుంది. ఒడ్డున పెడితే పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయని పడవ యజమానురాలు బోర్గిల్డ్ నమ్మకం. నీళ్ళలో ఉంచితే ఎలుకలు కట్టుతాళ్ళ మీదుగా పెళ్ళివారిలా దిగివస్తాయి. అందుకే తాళ్ళకు రేకు పళ్ళేలు తొడగాలి, కన్నాల్లో ఇనప పీచు కుక్కాలి, తినేదన్నది ఒక్కటీ లోపల మిగల్చకూడదు. ఇదంతా ఏటా సిగ్నె పని.

బోర్గిల్డ్ మంత్రసాని. ఈ ఊళ్ళో సగంమంది ఆవిడ చేతుల్లోకే పుట్టారు. సిగ్నెకు పుట్టి ఒక్క పూటైనా బతకని పాపను గోరువెచ్చటి నీళ్ళతో, పైన్ వాసన వేసే ఆకుపచ్చ సబ్బుతో కడిగి, తెల్లగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టింది కూడా ఆవిడే. ఆ తర్వాత ఇద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కొన్నాళ్ళకు బోర్గిల్డ్ వచ్చి, "పడవ కడగాలి, నా ఒక్కదానికి కుదరడం లేదు, వస్తావా" అని మాత్రం అడిగింది. సిగ్నె వెళ్ళింది. అప్పటినుంచి వెళుతూనే ఉంది.

పడవ తాళంచెవి సిగ్నె వంటింట్లో మేకుకు వేలాడేది. నీళ్ళలో పడినా మునగకుండా దానికో ఎర్ర బెండుముక్క. ఈ ఏడు ఆ బెండుముక్క రీమాస్ నడుముకు వేలాడుతోంది. ఇంజన్లు బాగుచేసే రీమాస్ లిథువేనియా నుంచి వసంతంలో వచ్చాడు. తాళంచెవి అతనికివ్వమని ఆసుపత్రి మంచం మీదినుంచి బోర్గిల్డే కబురు చేసింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు కదా. సిగ్నె ఇచ్చేసింది. కానీ రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఆ బోసి మేకును చూస్తుంటే ఆమెకు కడుపు రగిలిపోయేది. మొగుడు ఫెర్రీలో కాఫీ అమ్మే మనిషితో వెళ్ళిపోయినప్పుడు కూడా ఇంత మంట లేదు. అతను పోతే ఇల్లు తుడిచే పని తగ్గిందంతే.

"సిగ్నెగారూ, ఈ పైపు పక్కన ఇంకాస్త పీచు పెట్టాలేమో," అన్నాడు రీమాస్, ఇంజను గదిలోంచి తల ఎత్తి.

"పెట్టాను."

"నా వేలు దూరుతోందండీ. వేలు దూరితే ఎలుక దూరుతుంది అంటారు బోర్గిల్డ్‌గారు."

సిగ్నె చేతిలో స్పాంజి ఆగిపోయింది. ఆ మాట తనది. తను ఈ పడవలోకి దిగిన మొదటిరోజు, తన వేలు పట్టుకుని కన్నంలో పెట్టి మరీ బోర్గిల్డ్ చెప్పిన మాట.

"నీకెప్పుడు చెప్పింది?"

"ఆదివారం. ప్రతి ఆదివారం ఆసుపత్రికి వెళతాను కదా. ఆవిడకు కబుర్లంటే సరదా."

సిగ్నె ఒక్కసారీ వెళ్ళలేదు. పిలవని పేరంటానికి వెళ్ళే అలవాటు ఆమెకు లేదు. తాళంచెవి చేతులు మారాక, పిలిచినా వెళ్ళకూడదని ఒట్టు కూడా పెట్టుకుంది. పిలుపు మాత్రం రాలేదు.

"మీ మోకాలు ఎలా ఉందని అడిగారండీ. మంచు పడ్డాక మిమ్మల్ని ఈ చెక్కల మీద నడవనివ్వద్దన్నారు. అందుకే తాళంచెవి నాకు..."

"నా మోకాలు మోసేది నన్ను. నిన్ను కాదుగా."

రీమాస్ నవ్వి మళ్ళీ ఇంజనులోకి వంగాడు. ఆ నవ్వులో వెటకారం లేదు. అది ఉండి ఉంటే సిగ్నెకు కాస్త సుఖంగా ఉండేది.

ఆమె గదిలోకి వెళ్ళి పరుపులు గోడకు నిలబెట్టింది. బూజు పట్టకుండా అలమర తలుపులన్నీ తెరిచి ఉంచింది. పంచదార, టీ, బిస్కెట్ పొడి, కొవ్వొత్తులు సంచిలో వేసింది. చివరిది ఎప్పుడూ సబ్బు. ఎలుకకు సబ్బంటే ప్రాణం. ఏటా ఈ వేళకు బోర్గిల్డ్ గట్టు మీద బల్లపై కూర్చుని, "ఏమే సిగ్నె, సబ్బు తీశావా?" అని కేకేసేది. సిగ్నె జేబులోంచి తీసి చూపించేది. ఆ సబ్బు చలికాలమంతా సిగ్నె ఇంట్లో అరిగేది. వసంతంలో కొత్తది వచ్చేది.

ఆమె సబ్బు చేతిలోకి తీసుకుంది. బయట రీమాస్ ఏదో పాట ఈలవేస్తున్నాడు. రేపు వసంతంలో తలుపు తీస్తారు. పరుపులు పీలికలై ఉంటాయి, అంతా పెంట. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే రీమాస్ దగ్గర. సిగ్నె ఉండగా ఇలా ఎన్నడూ జరగలేదే అంటుంది బోర్గిల్డ్. ఆ ఒక్క మాట కోసం సిగ్నె నోట్లో నీళ్ళూరాయి. తడి చేత్తో సబ్బును మళ్ళీ కిటికీ కింద పళ్ళెంలో పెట్టి, బొటనవేలితో నొక్కింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినవాళ్ళుంటారు. మనిషి మీద కోపంతో ఎలుకను విందుకు పిలిచింది సిగ్నె.

"అయిందాండీ?"

"అయింది."

అతను తాళం వేశాడు. గట్టెక్కడానికి చెయ్యి అందించాడు. సిగ్నె ఆ చెయ్యి పట్టుకోకుండా ఎక్కింది, మోకాలు కలుక్కుమన్నా పైకి కనిపించనివ్వలేదు. మళ్ళీ సోమవారమే వస్తానని చెప్పి, రీమాస్ పట్నం బస్సు కోసం పరుగెత్తాడు.

రేవు ఆఫీసులో ఆర్విద్ ఒక్కడే ఉన్నాడు. రేవు చూసుకునేది అతనే. సిగ్నె బకెట్ మూలన పెట్టింది.

"పొద్దున ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది," అన్నాడు. "బోర్గిల్డ్ ఒక మాట అడగమందట."

"రీమాస్ వెళ్ళిపోయాడు."

"అతన్ని కాదు, నిన్ను. సబ్బు తీశావా అని."

సిగ్నె ముఖంలోకి రక్తం పొంగింది. ముందు కలిగింది సంతోషమే. నన్నే అడిగింది, అతన్ని కాదు, అనుకుంది.

"తీశాను," అంది. "తీశానని చెప్పు."

ఆర్విద్ కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతున్నాడు.

"ఇక ఎవరికి చెప్పను, సిగ్నె. మధ్యాహ్నం పోయింది. నీ పని కానీ అని ఆగాను."

ఆర్విద్ కుర్చీ జరిపాడు, సిగ్నె కూర్చోలేదు. బయటికొచ్చి, మసక వెలుతురులో తడి చెక్కల మీద కుంటుకుంటూ లెర్కె దగ్గరికి వెళ్ళింది. గట్టు మీద బల్ల ఖాళీగా ఉంది. ఆమె పడవలోకి దిగి తాళం పట్టుకుని గుంజింది. అది తను నూనె పోసి కాపాడిన తాళం, కదల్లేదు. సోమవారం దాకా తలుపు తెరుచుకోదు. సోమవారమైనా, ఎందుకని రీమాస్ అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తెలియలేదు. వంగలేక వంగి, తాళ్ళకున్న రేకు పళ్ళేలు ఒక్కొక్కటే బిగించింది. బిగించినవే మళ్ళీ బిగించింది.

"తీయలేదు," అంది బల్లవైపు తిరిగి. "తీయలేదమ్మా."

అరచేతులు రెండువైపులా అడ్డుపెట్టి, ముఖం కిటికీకి ఆనించి చూసింది. గాజు అవతల, పళ్ళెంలో, ఆకుపచ్చ సబ్బు అలాగే ఉంది, దాని మీద బొటనవేలి గుంట ఇంకా తడిగా మెరుస్తోంది.