అట్టలమ్మ బస్సు తూకం

ఉదయం ఎనిమిదింటికల్లా పెరట్లో బస్సు దగ్గర పని మొదలయ్యేది. ముందు మరిది వచ్చేవాడు, వెల్డింగ్ కళ్ళద్దాలు నుదుటిమీదికి ఎత్తిపెట్టుకుని. తర్వాత భర్త, చేతిలో టీ గ్లాసుతో, ముందురోజు ఫోనులో చూసిన వీడియో గురించి చెప్పుకుంటూ. ఆ రోజు బిగించాల్సింది బరువైనదైతే ఇద్దరూ మొహమొహాలు చూసుకుని వంటింటి కిటికీ వైపు తిరిగేవాళ్ళు.

"వదినా, ఒక్కసారి వస్తావా? నీళ్ళ ట్యాంకు ఎక్కించాలి."

ఆమె చేతికంటిన జిగురు తుడుచుకుంటూ వచ్చేది. చిరిగిన పుస్తకాలు విప్పి, మళ్ళీ కుట్టి, అట్టలు వేయడం ఆమె వృత్తి. వీధి వీధంతా అట్టలమ్మ అనే పిలిచేది. అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు. వచ్చి ట్యాంకు మీద అరచెయ్యి వేసి నిలబడేది. మరిది గొంతు సవరించుకునేవాడు.

"అన్నయ్య నిన్న ఎవరితోనో అంటున్నాడు వదినా, మా ఆవిడకేం పని, ఇంట్లో ఖాళీగానే కదా ఉండేది అని."

అంతే. ఆమె ముక్కుపుటాలు అదిరేవి, చెవులు ఎర్రబడేవి. చేతి కింద ట్యాంకు ఖాళీ అట్టపెట్టెలాగా తేలికైపోయేది. అన్నదమ్ములిద్దరూ చెరో పక్కా రెండేసి వేళ్ళతో ఎత్తి, లోపల పెట్టి, నట్లు బిగించేవాళ్ళు.

"అయిపోయింది. ఇక శాంతించు" అనేవాడు భర్త, ఖాళీ టీ గ్లాసు ఆమె చేతికిచ్చి.

కోపం వస్తే ఆమె చెయ్యి తగిలిన వస్తువుకి బరువు పోవడం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. ఎంత కోపమో అంత తేలిక. కోపం చల్లారితే బరువు మళ్ళీ వచ్చి కూర్చునేది. ఇలాంటివాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. ఇరుగుపొరుగువాళ్ళు బీరువా జరపాలన్నా, మంచం మేడ మీదికి చేర్చాలన్నా "అమ్మా, కాస్త వచ్చి కోపం తెచ్చుకుని వెళ్ళరూ" అని పిలిచేవాళ్ళు. మీ గుమ్మం ముందు చెత్త పోసింది నేనేనని ఏదో ఒక అబద్ధం చెప్పి, పని కాగానే చేతులు పట్టుకుని క్షమాపణ అడిగి, సంచీలో నాలుగు టమాటాలు వేసి పంపేవాళ్ళు. బయటివాళ్ళకున్న ఆ పాటి మర్యాద ఇంట్లోవాళ్ళకెందుకుంటుంది? మరిది దగ్గర ఆమెకి కోపం తెప్పించే మాటలు పానాల సెట్టులాగా చిన్నాపెద్దా వరసలో ఉండేవి. ప్లైవుడ్ షీటుకి ఒక మాట, ఫ్రిజ్‌కి ఒక మాట. ఏ బరువుకి ఏ మాట సరిపోతుందో వాడికి కొట్టినపిండి. జాకీ అయితే ఏడాదికోసారి నూనైనా వేస్తారు. ఈమెకి అదీ లేదు.

బస్సు ఆలోచన మొదట భర్తది. ఆయన ఎలక్ట్రీషియన్. అద్దె ఇల్లు ఖాళీ చేసేసి, పాత స్కూలు బస్సొకటి కొని, దాన్నే ఇల్లు చేసుకుని ఊరూరా తిరుగుదామన్నాడు. ఏ ఊళ్ళోనైనా కరెంటు పని దొరుకుతుందన్నాడు. అట్టలమ్మ రెండు రోజులు ఆలోచించి సరేనంది. ఒకటే షరతు పెట్టింది.

"నా ప్రెస్సు నాతో రావాలి."

ప్రెస్సంటే బైండింగ్ ప్రెస్సు. పోత ఇనుముతో చేసింది. పైనున్న చక్రం తిప్పితే పలక దిగి, జిగురు పెట్టిన పుస్తకాన్ని ఆరేదాకా నొక్కిపట్టి ఉంచుతుంది. ఏ ఊరి బడికెళ్ళినా, ఏ గ్రంథాలయానికెళ్ళినా చిరిగిన పుస్తకాలు గుట్టలుగా పడి ఉంటాయి. వాటి దగ్గరికి తనే వెళ్ళవచ్చు, బడి ముందే బస్సాపి, పిల్లల చేతుల్లో ఊడిపోయిన పాఠాలన్నీ సాయంత్రానికల్లా కుట్టి ఇవ్వవచ్చు. ఆ ఆశతోనే ఆమె ఇల్లు వదలడానికి ఒప్పుకుంది. భర్త "ఓస్, ఇంతేనా" అని మాటిచ్చాడు.

మొదట్లో అనుకున్న పనులు కొంచెమే. సీట్లు పీకి మంచం, చిన్న వంటగట్టు, వెనకవైపు ప్రెస్సుకో బల్ల. కానీ ఆయనకి బస్సు ఇళ్ళ వీడియోల పిచ్చి పట్టుకుంది. రెండు బ్యాటరీలు చాలనుకున్నవి ఆరయ్యాయి. మబ్బు పడితే ఎలాగని జనరేటర్ వచ్చింది. వంటగట్టు మీద చెక్క చాలదని నల్లరాతి బండ వేయించాడు. ఆఖరికి బస్సు నెత్తిన ఇనుప మేడ కట్టించి నిచ్చెన పెట్టించాడు, సాయంత్రాలు పైన కుర్చీ వేసుకుని కూర్చోవడానికి. రోజూ ఒక వీడియో, రోజూ ఒక సామాను, రోజూ వంటింటి కిటికీ వైపు ఒక కేక. ఆరు నెలలు ఆమె ఒంట్లో రక్తం మరగని రోజు లేదు.

అలా తయారైన బస్సుని నివాస వాహనంగా రాయించుకోవాలంటే వేబ్రిడ్జి మీద తూకం వేయించాలి. ఐదు వేల కిలోలు దాటకూడదు. ఒక ఉదయం ముగ్గురూ బస్సు తీసుకెళ్ళారు. తనిఖీ అధికారి చెవి మీద పెన్ను పెట్టుకుని వచ్చి, అందులో ఉండబోయేవాళ్ళ బరువు కూడా కలుస్తుంది కాబట్టి లోపలే కూర్చోమన్నాడు. మరిది దిగి, గోడకున్న ఎర్ర అంకెల కింద నిలబడ్డాడు.

ఐదు వేల నాలుగు వందల పది.

"నాలుగొందల పది కిలోలు ఎక్కువ. దించుకుంటే సర్టిఫికెట్ ఇస్తాను, లేకపోతే లేదు" అన్నాడు అధికారి.

భర్త కిటికీలోంచి తల బయట పెట్టాడు. "మీ కాటా పాడైనట్టుంది సార్. ఇందులో అంత బరువేముంది? జనరేటర్‌ని నేనూ తమ్ముడూ చెరో చేత్తో ఎక్కించాం! పైన మేడ గొడుగు లేచినట్టు లేచింది!"

ఆయన అబద్ధమాడటం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. ఆ బస్సులోకెక్కిన ప్రతి బరువూ అట్టలమ్మ అరచేతి మీదుగానే ఎక్కింది కదా, ఏది ఎంతుందో ఆ ఇద్దరికీ ఎలా తెలుస్తుంది? వాళ్ళు తమ చేతులతో బరువు చూసింది ఒక్క ప్రెస్సునే. అది ఎక్కించిన రోజు ఆమె మహా సంతోషంగా ఉంది. మరిది తన సెట్టులో మాటలన్నీ వాడినా ఆమె నవ్వుతూనే ఉండిపోయింది. ఆఖరికి పలకలూ తాళ్ళూ వేసి, చచ్చీచెడీ లాగారు. మరిదికి నాలుగు రోజులు నడుం పట్టేసింది. దాంతో ఆ బస్సులో బరువైనదంటూ ఏదైనా ఉంటే అది ప్రెస్సేనని అన్నదమ్ములిద్దరికీ మనసులో నాటుకుపోయింది.

"ఆ ఇనుపదిమ్మ వల్లే అన్నయ్యా ఇదంతా" అన్నాడు మరిది. అధికారి తన గదిలోకి వెళ్ళగానే భర్త కాగితం తీసి లెక్క వేశాడు. ప్రెస్సు, దాని బల్ల, అట్టలు, కాగితాలు. నీళ్ళ ట్యాంకు ముప్పాతిక వంతు ఖాళీ చేస్తే మిగతాది. సరిగ్గా నాలుగొందల పది అయింది. ఆయనకి చాలా ముచ్చటేసింది.

"మరి మీ జనరేటర్?" అంది అట్టలమ్మ.

"అది అవసరం కదే."

"ఆరు బ్యాటరీలు?"

"వారం రోజులు ఎండ రాకపోతే?"

"నెత్తి మీద మేడ?"

"నువ్వూ కూర్చుంటావు కదా పైన!"

"ప్రెస్సు దించేస్తే ఈ బస్సులో నేనేం చెయ్యను?"

"ఏం చేస్తావేమిటి, హాయిగా కూర్చో. వంటగట్టు మీద రాయి వేయించానుగా."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాళ్ళతో ఎంతసేపని మాట్లాడుతుంది! ఆమె వెళ్ళి ప్రెస్సు చక్రం పట్టుకుని నిలబడింది. ఒళ్ళు భగ్గున మండింది. ఆ చక్రం ప్రెస్సుదే, ప్రెస్సు బల్లకి బిగించి ఉంది, బల్ల బస్సుకి బిగించి ఉంది.

బయటి నుంచి మరిది అరిచాడు. "అన్నయ్యా! అంకెలు చూడు, అంకెలు!"

ఐదు వేల రెండొందలు. ఐదు వేల యాభై. నాలుగు వేల తొమ్మిదొందల ఎనభై.

భర్త మొహం చాటంత అయింది. "సార్! సార్! ఇప్పుడు చూడండి!" అని కేకేసి, ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అలాగే ఉండు. చల్లారకు. రెండే రెండు నిమిషాలు." తర్వాత కిటికీలోంచి తమ్ముడితో, "ముందు సర్టిఫికెట్ చేతికి రానీరా. ఆ దిమ్మ సంగతి ఇంటికెళ్ళాక చూద్దాం" అన్నాడు.

అధికారి బయటికొచ్చి అంకెల వంకా బస్సు వంకా మార్చి మార్చి చూశాడు. ఆ కుర్చీలో ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి. "లోపల కోపంగా ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే ఈ తూకం చెల్లదు."

"అబ్బెబ్బే! లోపలున్నది మా ఆవిడే సార్. పరమ శాంతమూర్తి. ముప్ఫై ఏళ్ళలో ఒక్కనాడు కోప్పడి ఎరగదు."

ముప్ఫై ఏళ్ళు! ఆ ముప్ఫై ఏళ్ళలో ఎన్ని ఇళ్ళు మారలేదు, ఎన్ని బీరువాలు లేవలేదు, ఎన్ని మాటలు పడలేదు! అన్నీ అని, అన్నీ ఎత్తించుకుని, ఇప్పుడు అసలు కోపమే లేదంటాడా! గోడ మీద అంకెలు మూడు వేలకి జారాయి, వెయ్యికి జారాయి. చక్రాల స్ప్రింగులు కిర్రుమంటూ సాగాయి. చిన్న గాలి వీస్తే బస్సు జానెడు పక్కకి జరిగింది. అంకెలు అరవై దగ్గర ఆగాయి.

అధికారి పెన్ను మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "అరవై కిలోల బస్సుకి నేను సర్టిఫికెట్ రాయలేనండీ. అమ్మా, మీరు కాస్త కిందికి దిగుతారా?"

"దిగుతాను బాబూ. కొంచెం సామానుంది" అంది అట్టలమ్మ.

ముందుగా జనరేటర్‌ని చంకలో పెట్టుకుని దిగింది. వేబ్రిడ్జి పక్కన మట్టిలో పెట్టి చెయ్యి తీసింది. ధబ్బుమని నేలలోకి బెత్తెడు దిగబడింది.

"ఇది ఎక్కించిన రోజు, నా పని కన్నా పిల్లలు కాగితం పడవలు చేసుకోవడం నయమన్నారు" అంది.

బ్యాటరీలు రెండేసి చొప్పున నాలుగు తెచ్చింది. "ఇవి ఎక్కించడానికి మా నాన్న పోయిన రోజుని తీసుకొచ్చారు. ఆ రోజు కూడా నేను జిగురు చేతులతోనే ఉన్నానని ఇద్దరూ నవ్వారు. నా చేతిలో ఉన్నది నాన్న చదువుతున్న పుస్తకం. ఆయన కళ్ళు మూసేలోపు కుట్టి ఇద్దామనుకున్నాను."

మరిది తల వంచుకున్నాడు. "నాకు... అది తెలీదు వదినా."

"అడిగితే కదా తెలిసేది!"

బస్సులో ఉన్న భర్త పెట్టెలోంచి పానా తీసుకుని పైకెక్కింది. మేడకున్న పన్నెండు బోల్టులూ విప్పింది. నిచ్చెనతో సహా మొత్తాన్ని ఒక అరచేతి మీద దించుకొచ్చి పడేసింది. అది ఏ మాటకి లేచిందో మాత్రం చెప్పలేదు. భర్త మొహంలోకి చూసింది, అంతే. ఆయనకి గుర్తున్నట్టే ఉంది, చూపు తిప్పేసుకున్నాడు. ఆఖరున వంటగట్టు మీది నల్లరాయి. అది తెచ్చేసరికి ఆమె చెవుల ఎరుపు తగ్గిపోయింది, రాయి బరువు కొద్దికొద్దిగా తెలుస్తోంది. ఎలాగో దించిన సామాను గుట్ట దాకా మోసుకొచ్చి దాని మీద ఆనించింది.

భర్త బస్సు దిగి పరిగెత్తుకొచ్చాడు. "నీకేమైనా మతి పోయిందా? తమ్ముడూ, పట్టరా!" అని జనరేటర్ ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పట్టారు, మోకాళ్ళు వంచి పట్టారు, తిట్టుకుంటూ పట్టారు. ఇసుమంత కదల్లేదు. మొదటిసారి ఆయనకి తన సామాను బరువెంతో తెలిసింది.

అట్టలమ్మ వెళ్ళి ప్రెస్సు మీద చెయ్యి వేసి కూర్చుంది. నాలుగు వేల ఎనిమిదొందల యాభై. భర్త ఎక్కినా ఐదు వేలు దాటదు. అధికారి కిటికీ దగ్గరికొచ్చి ఆమె మొహంలోకి చూశాడు. "ఇప్పుడు కోపంగా ఉన్నారా అమ్మా?"

"లేను బాబూ."

ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చూశాడు. అంకె మారలేదు. సర్టిఫికెట్ రాస్తూ అడిగాడు, "బస్సు నడిపేదెవరు?"

ఆమె పర్సులోంచి తన లైసెన్సు తీసిచ్చింది. పెద్ద బళ్ళు నడపడానికి పనికొచ్చేదే. సంచార గ్రంథాలయం వ్యాను ఎనిమిదేళ్ళు నడిపిన మనిషి.

"నడపొచ్చు. కానీ దారిలో కోపం వస్తే చక్రాలు నేలని పట్టుకోవు, జాగ్రత్త."

"వస్తే బండి పక్కకాపి, ఎందుకొచ్చిందో ఆలోచించుకుని బయల్దేరతాను. ఇప్పటికున్నదంతా అక్కడ దించేశాను" అంది గుట్ట వైపు చూపిస్తూ.

తర్వాత స్టీరింగు ముందు కూర్చుని ఇంజను ఆన్ చేసి, కిటికీలోంచి పిలిచింది. "ఏమండీ, ఎక్కండి. మీ పానాల పెట్టె లోపలే ఉంది, ఏ ఊళ్ళో దిగినా మీ పని మీకుంటుంది."

"ఇవన్నీ ఇలా నడిబజార్లో వదిలేసి ఎలా వస్తానే? ఎవరైనా ఎత్తుకుపోతే?"

"ఎవరూ ఎత్తలేరు లెండి."

ఆయన బస్సు మెట్టు వంక చూశాడు. జనరేటర్ వంక చూశాడు. ఒకడుగు ముందుకు వేసి, వెనక్కెళ్ళి, జనరేటర్ మీద కూర్చున్నాడు. ఆమె ఇంజను ఆపకుండా పది నిమిషాలు ఆగింది. అధికారి కూడా వెనక బళ్ళని ఆపి ఉంచాడు. ఆయన లేవలేదు.

అట్టలమ్మ పానాల పెట్టె తీసుకుని దిగి, ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. పెట్టె పూర్తి బరువుతోనే ఉంది, రెండు చేతులతో మోయాల్సి వచ్చింది. వెనక్కొచ్చి బస్సెక్కి, గేటు దాటించింది.