ఎడంచేతి ముడి

శంకరప్ప చేతిరాత బాగుంటుందని మా చేపల సంఘంలో అందరూ అంటారు. నేను ఎప్పుడూ అనలేదు.

ముప్పై ఏళ్ళు వల ముందు నడిచినవాణ్ణి. ఏ చెరువులో ఏ మూల చేప ఉంటుందో నన్నే అడిగేవాళ్ళు. 2006లో బెంగళూరు కంపెనీ ఒకటి మా చేప కొనడానికి వచ్చింది. దానికి షరతులున్నాయి. చిన్న చేప పడితే నీళ్ళలోకి వదిలేయాలి. చేప పెరగడానికని ఏటా ఒక చెరువు మూసిపెట్టాలి, అందులో వల పడకూడదు. ప్రతి పెట్టెకూ పసుపు చీటీ కట్టాలి. ఏ చెరువు, ఏ తేదీ, ఎవరి వల అని దాని మీద ఉండాలి. బెంగళూరులో తినేవాడు అడిగితే ఆ చేప ఏ నీళ్ళదో చెప్పగలగాలట.

చీటీలు రాసే పని శంకరప్పకు ఇచ్చారు. అతను ఏడో తరగతి. నేను మూడు.

కంపెనీ వాళ్ళు ఒకరోజు ఫోటో తీసి మదనపల్లెలో మా ఐసు షెడ్డు గోడకు అంటించారు. శంకరప్ప పెన్ను పట్టుకుని చీటీ రాస్తుంటాడు. వెనక నా వల ఆరేసి ఉంటుంది. వల ఉంది, నేను లేను.

షెడ్డులో చేప కడిగి ఐసు వేసే పూలమ్మకు నోరు ఊరుకోదు.

"ఏం మునిరాజన్నా, ఫోటోను అట్ల సూస్తాండావు? దిష్టి తగుల్తాది."

"ఆ వల నాది."

"వలదేముందిలే అన్నా. ఎవురన్నా లాగుతారు."

ఆమె నవ్వుకుంటూ పోయింది. ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

మరుసటి ఏడు కుప్పం పక్కనున్న రాళ్ళచెరువును మూశాం. మూయక ముందు శంకరప్ప ఆ చెరువు పేరుతో ఒక కట్ట చీటీలు రాసిపెట్టుకున్నాడు, తేదీ మాత్రం వేయలేదు. వాటిలో ఒకటి నా వలసంచిలో మిగిలింది. ఈ షరతులు పాటిస్తున్నామని సర్టిఫికెట్ ఇచ్చే మేడం తనిఖీకి వస్తోందని తెలిసిన సాయంత్రం, పెద్దపంజాణి చెరువు పెట్టె ఒకదానికి ఉన్న చీటీ తెంపి, రాళ్ళచెరువు చీటీ కట్టాను. రాసేవాడు చెరువు తప్పు రాశాడు, తేదీ మరిచాడు అని నలుగురూ అనుకోవాలి. నాకు కావలసింది అంతే. అది మూసిన చెరువన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. కుళ్ళు నిండిన తలకు ఇంకేమీ తట్టదు.

పొద్దున మాలతి మేడం వచ్చింది. ఆమె తనిఖీ వెనక్కి నడుస్తుంది. ముందు పెట్టె, తర్వాత చీటీ, తర్వాత శంకరప్ప పుస్తకం, చివరికి చెరువు. ఉన్న పదకొండు పెట్టెలూ చూస్తూ వచ్చి నేను కట్టిన చీటీ దగ్గర ఆగింది.

"ఇది రాళ్ళచెరువు చేపా? ఆ చెరువు మూశారు కదా?"

శంకరప్ప మొహం పాలిపోయింది. "కాదమ్మా. ఇది పెద్దపంజాణిది."

"ఈ రాత మీదేనా?"

"రాత నాదే."

"తేదీ లేదు. మూసిన చెరువులో పట్టి, తేదీ దాచారనుకోవాలి. అదే నిజమైతే మీ సంఘానికి సర్టిఫికెట్ పోతుంది. కంపెనీ ఇక కొనదు."

"అట్లనొద్దమ్మా," అంది పూలమ్మ. "నలభై ఇండ్లు దీని మీదే బతుకుతాండాయి."

శంకరప్ప చీటీ పైకెత్తి చూశాడు. చీటీ కంటే ముందు అతనికి ముడి కనబడింది.

నాది ఎడంచేతి వాటం. మా నాయన నేర్పిన వల ముడి నా చేతిలో ఎదురువైపు తిరుగుతుంది. విప్పితే రాదు, కోయాలి. సంఘంలో అట్లాంటి ముడి ఇంకొకరు వేయరు. ఆ సాయంత్రం నేను ఆలోచించలేదు, చేయి దాని పని అది చేసుకుపోయింది.

అతను నా వైపు ఒక్కసారి చూసి ముడి మీద బొటనవేలు పెట్టాడు.

"తప్పు నాదేనమ్మా. ఒక చీటీకి బదులు ఇంకోటి కట్టినా."

"ఎలా నమ్మను?"

"చీటీలన్నీ తీసేయండి. మా మునిరాజన్న చేపను సూసి చెరువు చెప్తాడు."

ఆమె చీటీలు కోయించి, పెట్టెల అడుగున గుర్తులు పెట్టించి, అటూ ఇటూ మార్పించి నన్ను పిలిచింది. అతను మాత్రం కోసిన చీటీని ముడితో సహా పిడికిట్లోనే పెట్టుకున్నాడు. పెద్దపంజాణి చెరువుది నల్లమన్ను, చేప వీపు నల్లగా ఉంటుంది. కురబలకోట చెరువుది ఎర్రనీళ్ళు, చేప పాలిపోయి ఉంటుంది. రాళ్ళచెరువు చేపకు పొట్ట కింద పసుపు. అది ఒక్క పెట్టెలోనూ లేదు. పదకొండూ చెప్పాను. పుస్తకంతో సరిపోయాయి.

"మీ పేరేంటి పెద్దాయనా?" అని అడిగి, నేను చెప్పిన చెరువులతో సహా ఆమె కాగితంలో రాసుకుంది. నా మాటను ఒకరు రాసుకోవడం అదే మొదలు. కానీ ఆ చోటుకు నన్ను తెచ్చింది శంకరప్ప.

"సర్టిఫికెట్ ఉంటుంది," అంది మేడం. "చీటీల పని మాత్రం ఇంకొకరికి ఇవ్వండి. ఇంత పెద్ద తప్పు చేసినాయన వద్దు."

శంకరప్ప సరేనని తలాడించాడు. పిడికిలి తెరవలేదు.

నేను కోరింది దొరికింది. నోరు మూసుకుంటే చాలు. కానీ నా ముడి ఆ పిడికిట్లో ఉన్నంతకాలం అతను నాకంటే పైన ఉంటాడు. అది నేను ఓర్వలేకపోయాను.

"ముడి నాది," అన్నాను.

"ఏంటి?"

"ఆ చీటీ కట్టింది నేను. వాడు కాదు. పిడికిలి తెరిపించి సూడండి."

పూలమ్మ చేతిలోని ఐసు అట్లాగే కరిగిపోయింది.

సంఘం చీటీల పని శంకరప్పకే ఉంచి, నన్ను వల నుంచి తీసేసింది. ఇప్పుడు షెడ్డులో పెట్టెలు దించుతాను. ఫోటో గోడకే ఉంది. పుంగనూరు నుంచి చేపల బండి రాగానే శంకరప్ప పెన్ను మూత తీసి, మొదటి పెట్టె నా ముందు పెడతాడు.

"యా చెరువుదన్నా ఇది?"

అతనికి తెలుసు. పుస్తకంలో ఉంది. అయినా రోజూ అడుగుతాడు, అందరి ముందూ. అతను నన్ను తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణి. ఆ అడగడం ఉంది చూడండి, దాన్ని మాత్రం నేను క్షమించలేను.

"పెద్దపంజాణి," అంటాను.

రాసుకుంటాడు.