కిటికీ దగ్గరి పాట

ఏడాదిగా జయరాం ఉద్యోగమంతా కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం గండం తప్పించడమే. పొద్దున ఏడింటికి, ఈ పరాయి దేశంలో వాళ్లుంటున్న బుకిట్ బటోక్ ఫ్లాట్ వదిలితే అతను తిరిగొచ్చేసరికి భార్య కీర్తిక ఒక్కతే అన్నం తినేసి ఉండేది. ఆ ఖాళీ సాయంత్రాలు భరించలేకే ఆమె పాటలతోనే నడిచే ఇటాలియన్ నాటకాలు వేసే ఒక ఒపెరా బృందంలో చేరింది. కాకినాడలో పన్నెండేళ్లు సంగీతం నేర్చుకున్న గొంతు. ఇటాలియన్ మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకుని రెండు నెలల్లో ఒంటబట్టించుకుంది.

ఆమెను చేర్పించింది చంద్రశేఖర్. బడిలో సంగీతం మాస్టారు. తాతల కాలంలో విశాఖ నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. బృందం ఇప్పుడు వేస్తున్న నాటకంలో ముసలి షావుకారు వేషం అతనిదే. అతను ఫోన్ చేస్తే కీర్తిక పడీపడీ నవ్వేది. తనతో ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తురాక, పక్కగదిలో జయరాం కుతకుత ఉడికిపోయేవాడు.

ఒక శనివారం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ మోగింది. చంద్రశేఖర్, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి యాసలో.

"తంబీ, మకాన్ అయ్యిందా, తిన్నావా? ఇవాళ రిహార్సల్ నాలుగింటికి కాదు, రెండింటికే. కీర్తికమ్మకి చెప్పెయ్. డైరెక్టరమ్మ చాలా స్ట్రిక్ట్ లా."

"చెప్తానండీ" అన్నాడు జయరాం. చెప్పలేదు.

ఆమె వెళ్లేసరికి రిహార్సల్ ముగిసిపోయింది. ఆమె ఒంటరిగా పాడాల్సిన ఒకే ఒక్క పంక్తిని డైరెక్టర్ ఇంకో అమ్మాయికి ఇచ్చేసి, కీర్తికను వెనక వరుసలో నిలబెట్టింది. కీర్తిక ఇంటికొచ్చి కళ్లు తుడుచుకుంది.

"పాపం, చంద్రశేఖర్ గారు నాకు చెప్పడం మర్చిపోయారటండీ. తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నారు."

జయరాంకు వెంటనే అర్థమైంది. ఆ మనిషి తనను కాపాడాడు. సిగ్గుపడాల్సింది పోయి మరింత మండిపడ్డాడు. ఇందులోనూ అతనిదే పైచేయి!

ప్రదర్శన నాటి సాయంత్రం జయరాం మూడో వరుసలో కూర్చున్నాడు. నాటకంలో, తన పెంపకంలో ఉన్న పిల్లనే పెళ్లాడాలని షావుకారు ఆరాటం. పనివాళ్లంతా కలిసి అతనికి మత్తుమందు పోస్తారు. పొట్టకు దిండు కట్టుకుని చంద్రశేఖర్ తూలుతుంటే హాలంతా గొల్లున నవ్వింది. జయరాం పళ్లు బిగించుకున్నాడు.

అప్పుడు పనిమనిషి కిటికీ తెరిచి ఆ పిల్ల ప్రియుణ్ణి పిలిచింది. 'ముసలాడు నిద్రపోయాడు, పైకి రా!' రెండు నెలలు పొద్దున్నే తన వంటింట్లో పోపు చిటపటల మధ్య కీర్తిక నోట జయరాం విన్న పంక్తి అది. ఆ అమ్మాయి బాగానే పాడింది. వెనక చీపురు పట్టుకు నిలబడ్డ కీర్తిక పెదాలు మాత్రం శబ్దం లేకుండా ఆ పంక్తితో పాటే కదిలాయి. తర్వాత అందరూ నవ్వాక, కాస్త ఆలస్యంగా ఆమె కూడా నవ్వింది. ఆ పైన జయరాం స్టేజీ వైపు తలెత్తలేకపోయాడు.

నాటకం అయ్యాక ఆమె మేకప్‌తోనే వచ్చింది. "ఎలా ఉందండీ?"

"ఆ రోజు రిహార్సల్ రెండింటికేనని చంద్రశేఖర్ గారు ఫోన్ చేశారు కీర్తీ. నేనే నీకు చెప్పలేదు."

"ఎందుకు?"

"ఆయనతో అంతలా నవ్వుతావని."

"వాళ్ల నాయనమ్మ తెలుగు తిట్లకి అర్థాలు అడుగుతారాయన. అందుకే నవ్వేది. ఎందుకు నవ్వుతున్నావని మీరు ఒక్కసారైనా అడిగారా?"

అటుగా వస్తున్న చంద్రశేఖర్ ఆగిపోయాడు. ఆమె అతని వైపు తిరిగింది.

"మీరెందుకు తప్పు మీ మీద వేసుకున్నారు మాస్టారూ?"

"ఇంట్లో గొడవ వద్దని, అమ్మా."

"గొడవ నాది. నన్నే గొడవపడనివ్వాల్సింది." మళ్లీ జయరాంతో అంది. "రేపూ షో ఉంది. మీరు రాకండి."

ఆమె తోటి గాయనులతో కలిసి భోజనానికి వెళ్లిపోయింది.

జయరాం లోపలికెళ్లి డైరెక్టర్‌ను వెతికి ఉన్నదంతా చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, ఆ అమ్మాయికి ఇచ్చిన పంక్తి వెనక్కి తీసుకోనంది. వచ్చే నాటకానికి మాత్రం కీర్తికను తానే పిలుస్తానంది. అతను తలూపి, బుకిట్ బటోక్ వైపు రైలు పట్టుకున్నాడు.