చెవిలో పేరు

పొద్దున ఆరున్నరకు రాజమల్లు రెండో బ్యారక్ కిటికీ రెక్కలను ఒక్కొక్కటిగా తెరిచి గోడకు ఆనించాడు. చల్లగాలి లోపలికి దూసుకొచ్చింది.

"సలి పెడుతున్నదన్నా, బంద్ జెయ్యి," అని దుప్పట్లోంచి ఎవరో మూలిగారు.

"సలి పెడితె దుప్పటున్నది. దగ్గంటుకుంటె ఏం కప్పుకుంటవ్?" అన్నాడు రాజమల్లు.

జగిత్యాలలోని ఆ చిన్న జైల్లో అతను వార్డరు. ఏభై ఆరేళ్ళ బక్కమనిషి. ఖాకీ చొక్కా కొయ్యకు తగిలించినట్టు భుజాల మీద వేలాడుతుంది. పొద్దున్నే కిటికీలు తెరవడం, కొత్తగా వచ్చినవాళ్ళను ముందు గదిలో విడిగా ఉంచడం, దగ్గేవాళ్ళను కనిపెట్టి ఆఫీసరుకు చెప్పడం అతని పని. ఇరవై ఆరేళ్ళ నౌకరీలో ప్రమోషన్ రాలేదు కానీ 'దగ్గుల మల్లన్న' అనే బిరుదు మాత్రం వచ్చింది.

ఊరికే రాలేదది. సిరిసిల్లలో తండ్రి నడిపిన సాంచాల మధ్య పెరిగిన చెవి అతనిది. నాలుగు మరమగ్గాలు ఒక్కసారే దడదడలాడుతుంటే, దేని మీద పోగు తెగిందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఆ విద్య సిరిసిల్లలో కూడు పెట్టలేదు, ఇక్కడ అక్కరకొచ్చింది. బీడీ దగ్గు వేరు, దూది దుమ్ము దగ్గు వేరు. మూడోది ఇంకొకటి ఉంటుంది. దాన్ని అతను ఎంత గోలలోనైనా పట్టేస్తాడు.

ఆ రోజు ములాఖత్. ఇంటివాళ్ళు చూడటానికి వచ్చే రోజున జైల్లో ఎవరికీ దగ్గు రాదు. వస్తే ములాఖత్ ఆపేస్తారని భయం. అందుకే ఆ రోజు రాజమల్లు మరింత చెవి ఒగ్గి నిలబడతాడు.

మూలన దేవదాస్ అటువైపు తిరిగి కూర్చున్నాడు. తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఎగిరిపడుతున్నాయి. ఆ తర్వాత తీసుకున్న ఊపిరి వినగానే అది ఆ మూడో దగ్గేనని రాజమల్లుకు తెలిసిపోయింది.

"ఎన్నొద్దుల సంది?"

"ఏందన్నా?"

"దగ్గు."

"దగ్గేం లేదు. గొంతుల ఏదో ఇరికింది."

"దేవదాసూ, నా చెవితోని ఆటలాడకు."

దేవదాస్ తల దించుకున్నాడు. "ఇరవై రోజులైతున్నది. గీ ఒక్కపూట ఇడిసిపెట్టన్నా, నీ కాళ్ళు మొక్కుత. మాపటికి ఏ డబ్బల ఉమ్ముమన్న ఉమ్ముత."

అతనిదీ సిరిసిల్లే. సాంచాల మీద పనిచేసేవాడు. ప్రహరీగోడ కొట్లాటలో పక్కింటాయన మీద కట్టె ఎత్తి, బెయిలు దొరక్క రెండున్నర నెలలుగా లోపలున్నాడు. అతను లోపలికొచ్చాక కూతురు భాగ్యకు ఆడపిల్ల పుట్టింది. వాళ్ళింట్లో పెద్దవాళ్ళు పసిపాప చెవికి నోరు ఆనించి మూడుసార్లు పేరు చెప్తారు. అప్పటిదాకా ఆ పేరుతో ఎవరూ పిలవరు. బాపు చెప్పనిదే పేరే వద్దని భాగ్య ఇరవై ఒకటో దినం కూడా దాటేసింది. పాపకు నలభై రోజులు నిండాయి. ఆఫీసు వరండాలో పాపను చేతికివ్వడానికి పది నిమిషాలు కావాలని వారం రోజులు ఆఫీసరు చుట్టూ తిరిగి ఒప్పించింది రాజమల్లే.

ఇప్పుడు చెడగొట్టాల్సిందీ అతనే. చూసీ చూడనట్టు పోతే అడిగేవాడు లేడు. కానీ చెవికి నోరు ఆనించాలి. అవతల నలభై రోజుల పసిగుడ్డు.

పన్నెండేళ్ళ కిందట రాజమల్లుకూ ఈ రోగమే వచ్చింది. కోరుట్లలో ఇంటి ముందర రేకుల కింద మంచం వేసుకుని మందులు మింగాడు. నాలుగేళ్ళ కూతురు సుస్మిత గడప లోపలే నిలబడి మాట్లాడేది. రోగం పోయింది. ఇక దగ్గరికి రావచ్చని డాక్టరే చెప్పాడు. పిల్లకు మాత్రం ఒడి అలవాటు తప్పిపోయింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. "తిన్నవా బాపూ?" అని ఈనాటికీ గడప దగ్గరే నిలబడి అడుగుతుంది. దగ్గరికి రమ్మని పిలవాలని అతనికి ప్రాణం కొట్టుకుంటుంది, కానీ అంత పెద్ద పిల్లను ఏమని పిలుస్తాడు?

రాజమల్లు దేవదాస్ ముఖానికి మాస్కు కట్టి, వెనక ఆవరణలో ఎండలోకి తీసుకెళ్ళి డబ్బా చేతికిచ్చాడు. తను దూరంగా నిలబడ్డాడు.

"నీకు పాపం తాకుతదన్నా," అన్నాడు దేవదాస్.

"తాకనియ్యి," అన్నాడు రాజమల్లు.

తెమడ దవాఖానకు వెళ్ళింది. పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. టీబీయే. రెండు గంటలకు పెద్ద దవాఖానకు తీసుకెళ్ళడానికి బండి వస్తుందన్నారు.

పన్నెండు దాటాక భాగ్య సిరిసిల్ల బస్సు దిగి వచ్చింది. సంగతి వినగానే పాపను గుండెకు అదుముకుని బెంచీ మీద కూలబడింది.

"మందులు ఆర్నెల్లా సార్? గన్ని దినాలు నా బిడ్డ పేరు లేకుంటనే పెరగాల్నా?"

రాజమల్లు ముఖం తిప్పుకున్నాడు. ఎదురుగా ములాఖత్ గది కనిపించింది. కరోనా కాలంలో అక్కడ ఇనుప జాలీ తీసేసి అద్దం బిగించారు. అటొక ఫోను, ఇటొక ఫోను. చెయ్యి తాకనివ్వని ఆ అద్దాన్ని తిట్టుకోనివాళ్ళు లేరు, రాజమల్లుతో సహా. లోపల ఒక ముసలామె ఫోను చెవికి ఆనించుకుని కొడుకు మాట వింటోంది. రాజమల్లు ఆ చెవినే చూస్తూ నిలబడిపోయాడు.

"లే బిడ్డా," అన్నాడు. "ఫోను గూడ చెవికే గద పెట్టుకునేది."

ఆఫీసరు సరేనన్నాడు. అందరి ములాఖత్‌లూ అయ్యాక రాజమల్లు రెండు వైపులా కిటికీలు బార్లా తెరిచాడు. రెండు ఫోన్లూ స్పిరిటుతో తుడిచాడు. మాస్కుతో దేవదాస్ అటు కూర్చున్నాడు. ఇటు భాగ్య రిసీవరును పాప చెవి దగ్గర పెట్టింది. పాప ముఖం కంటే రిసీవరే పొడుగ్గా ఉంది.

దేవదాస్ ఫోను ఎత్తాడు. పక్కకు తిరిగి మోచేతిలోకి దగ్గాడు. ఊపిరి కూడదీసుకుని అద్దం వైపు వంగాడు. వెనక నిలబడ్డ రాజమల్లుకు కూడా వినపడనంత మెల్లగా మూడుసార్లు చెప్పాడు. పాప ఏడుపాపి కళ్ళు పెద్దవి చేసింది.

భాగ్య ఫోను లాక్కున్నంత పని చేసింది. "మల్ల చెప్పు బాపూ, నేను ఇనలే!"

"ముందుగాల ఆమెకే చెప్పాలె గదనే," అన్నాడు దేవదాస్. "రచన." నవ్వబోతే అది దగ్గయింది.

రెండు గంటలకు బండి వచ్చింది. ఎక్కేముందు దేవదాస్ ఆగాడు. "పొద్దున నోరు జారిన. మనసుల పెట్టుకోకన్నా."

"గోలీలు ఆపకు. నడుమ పానం మంచిగనిపిస్తది, అయిన ఆపకు."

"ఆపనన్నా." తలుపు పడింది. బండి మలుపు తిరిగేదాకా భాగ్య పాప చెయ్యి పట్టి ఊపుతూనే ఉంది. తర్వాత కళ్ళు తుడుచుకుని బస్టాండు వైపు నడిచింది.

రాజమల్లు ఒక్కడే ములాఖత్ గదిలోకి వచ్చాడు. తన బిడ్డ దగ్గరగా వచ్చి చెవిలో బాపూ అంటే వినాలని ఆ క్షణాన అతనికి బలంగా అనిపించింది. ఆ తర్వాత గుడ్డను స్పిరిటులో తడిపి లోపలి ఫోను తుడిచాడు, బయటి ఫోను దగ్గరికి వచ్చాడు. భాగ్య దాన్ని తగిలించకుండానే వెళ్ళిపోయింది. బల్ల మీద వెల్లకిలా పడున్న రిసీవరుకు, చెవి ఆనేచోట, పాప దిష్టిచుక్క కాటుక గోరంత అంటుకుని ఉంది.