మూల మొదటి పాదం

పెళ్ళయిన కొత్తల్లో ఒక సాయంత్రం మామ సిద్దప్ప నవ్వుతూ చెప్పాడు కృష్ణమ్మకు, ఆమె జాతకం చూసి పుంగనూరు పంతులు ఎంత భయపెట్టాడో.

"వద్దనేసినాడు మే ఒక్కమాటలో. మూలా నక్షత్రమంటే వేర్లకట్ట గుర్తంట. దాని దేవత నిరృతి, నాశనం చేసే తల్లంట. ఆ పిల్ల గడప తొక్కితే మామను వేర్లతో సహా పెరికేస్తాదన్నాడు."

"మరి నన్ను కోడలిగా యాల చేసుకున్నావు మామా?"

"వేరంటే మంచిదే కదా అన్నా. పసుపు యాడ పండుతాది, అల్లం యాడ పండుతాది, మట్టిలోనే కదా. మందులన్నీ వేర్లలోనే ఉండాయి. మీ సదుంలో నువ్వు శెనక్కాయ పీకతా ఉంటే సూసినా. ఇద్దరు మొగోళ్ళ పని చేస్తాండావు. నాకు ఆ కోడలే కావాలన్నా."

అది డెబ్బై నాలుగో సంవత్సరం. పెద్దపంజాణి దగ్గర పల్లె వాళ్ళది. పదెకరాల మెట్ట, ఒక బావి, ఒక్కడే కొడుకు జయచంద్ర. అత్త చిన్నక్క మాత్రం ఆ మాటలకు నవ్వలేదు. మొదటి రోజు నుంచీ కోడలి చేత తన మొగుడికి అన్నం పెట్టనిచ్చేది కాదు.

మూడేళ్ళకు సిద్దప్పకు దగ్గు పట్టుకుంది. తుండుగుడ్డలో రక్తం కనబడింది. మదనపల్లెలో డాక్టరు ఎక్స్‌రే పటం తీసి చూసి, క్షయ అని చెప్పి, వారానికి రెండు సూదులు, రోజూ మాత్రలు, ఏడాదిపాటు తప్పకుండా వాడితే బతుకుతాడన్నాడు. మధ్యలో ఆపితే ఎవరూ కాపాడలేరని రెండుసార్లు చెప్పాడు. జయచంద్రకు చేను పని. చిన్నక్కకు బస్సెక్కితే వాంతులు. కృష్ణమ్మే మామ చెయ్యి పట్టుకుని రోడ్డుదాకా నడిపించి, పుంగనూరులో బస్సు మారి, మదనపల్లెకు తీసుకుపోయేది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే సంతోషమ్మ వాళ్ళను చూడగానే బెంచీ మీద చోటు చేసి కూర్చోబెట్టేది. మూడు నెలలకు రక్తం ఆగింది. సిద్దప్ప సంగటి ముద్ద మొత్తం తిని, ఇంకా ఉండాదా అని అడిగాడు.

అదే వారం చిన్నక్క పుంగనూరు పోయి పంతుల్ని కలిసింది. శాంతి చేయించమన్నాడాయన. తిరిగొచ్చి గడపలో నిలబడే చెప్పింది.

"శాంతీ వద్దు గీంతీ వద్దు. వేరునే ఇంట్లోంచి తీసేస్తే సరిపోయ. పద, మీ అమ్మోళ్ళింటికి."

సిద్దప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు. "నన్ను సూదులకు ఎవరు పిలుచుకుపోతారే?"

"అది పోయినాక నీకు సూదులెందుకు?"

జయచంద్ర కృష్ణమ్మ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా వచ్చాడు. బస్సు రాగానే పెట్టె పైకెక్కించాడు. "సూదులు సోమవారం, గురువారం. మర్చిపోవద్దు," అంది కృష్ణమ్మ. ఊ అన్నాడు.

ఆమె పుట్టింటికి వచ్చిన అయిదో నెలలో సిద్దప్ప చచ్చిపోయాడు. ఆమె పోయినాక ఒక్క సూదీ వేయించలేదని ఆ ఊరి బస్సు కండక్టరు సదుంలో చెప్పాడు. కృష్ణమ్మ పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పాడె లేపుతున్నారు. చిన్నక్క వీధి మొదట్లోనే అడ్డం పడింది.

"మామను పెరికేసినావు కదే! ఇంకేం పెరకను వచ్చినావు?"

ఊరంతా విన్నది. జయచంద్ర నిప్పుకుండ పట్టుకుని ఒకసారి ఇటు చూసి, ముందుకు నడిచాడు. మామ ముఖం చూడనిమ్మని కృష్ణమ్మ బతిమాలింది. ఎవరూ తోవ ఇవ్వలేదు.

సదుంలోనూ ఆమెను ఎన్నాళ్ళో ఉంచుకోలేదు. తండ్రికి కాస్త జ్వరం వచ్చినా వదిన ఆమెవైపే చూసేది. సంతోషమ్మ అప్పటికి ఉద్యోగం మాని కుప్పంలో అక్క దగ్గర ఉంటోందని తెలిసి అక్కడికి పోయింది. పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే షెడ్డులో సంతోషమ్మే పని ఇప్పించింది. మరిగే నీళ్ళలో వేళ్ళు పెట్టి దారం కొస పట్టుకోవాలి. మొదటి ఏడు చర్మం ఊడింది. తర్వాత వేడి తెలియడం మానేసింది. ఏ నక్షత్రమని అక్కడ ఎవరూ అడగలేదు. ఎనిమిదేళ్ళు గడిచాయి.

ఎనభై అయిదులో ఒక మధ్యాహ్నం షెడ్డు గేటు దగ్గర జయచంద్ర నిలబడి ఉన్నాడు. పక్కన చిన్నక్క. ఆమె చేతుల్లో తువ్వాలు చుట్టిన పసిబిడ్డ, ముఖం కూడా కప్పి ఉంది.

"వీడి రెండో పెండ్లానికి పుట్టింది," అంది చిన్నక్క. "మూల, మొదటి పాదం. తండ్రికి గండం. రెండు నెలలాయె, వీడు దాని మొగం సూసిందిల్యా. కొట్టంలో పెట్టి ఉండాము. నీదీ మూలే కదా, నీకేమీ కాదు. పెంచుకో."

కృష్ణమ్మ బిడ్డను అందుకుంది. బరువే లేదు. తువ్వాలు తీస్తే నల్లటి కళ్ళు ఆమెను చూశాయి. బిడ్డ ఏడవకుండా ఆమె ఉడికిన వేలు పట్టుకుంది. తనకు ఇలాంటిది ఒకటి కావాలని కృష్ణమ్మ ఎన్ని రాత్రులు అనుకుందో! ఒళ్ళంతా ఆ పిడికిలి వైపు లాగింది. అంతలో చిన్నక్క "పద పోదాం" అని కొడుకుతో అనడం వినబడింది, సంచీ దించేసి పోతున్నట్టు.

"ఉండత్తా. పెంచతా. ఒక్క మాట సెప్పు. మామను నేను సంపల్యా, సూదులాపి మీరే సంపినారని నీ నోటితో సెప్పు."

చిన్నక్క కొడుకు వైపు తిరిగింది.

"సెప్పమ్మా," అన్నాడు జయచంద్ర. "ఆ మాటేగా."

"నా మొగుణ్ణి నేనే సంపుకుంటినా?" అంది చిన్నక్క. "సెప్పను. నా తల తెగినా సెప్పను."

కృష్ణమ్మ గబగబా జయచంద్ర ముందుకు పోయి బిడ్డ ముఖం అతని ముఖానికి దగ్గరగా పెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. "తెరువు," అంది. తెరవలేదు. చేత్తో రెప్ప పైకి లాగింది. అతను ఒక్క కేక పెట్టి రెండడుగులు వెనక్కి పడ్డాడు.

"సూసేసినావు కదా, ఇంకేం భయం? ఎత్తుకొని పో."

బిడ్డను అత్త చేతుల్లో పెట్టేసి లోపలికి పోయి గూళ్ళు ఉడికే కుండ ముందు కూర్చుంది. బయట ఏడుపు కాసేపు వినబడి ఆగిపోయింది.

సాయంత్రం విని సంతోషమ్మ తిట్టింది. "వాళ్ళ మీద కోపం బిడ్డ మీద తీర్చినావా? పొద్దున్నే పోయి తెచ్చుకో." కృష్ణమ్మ ఊ అంది. పోలేదు. వాళ్ళే మళ్ళీ రావాలి, ఆ మాట చెప్పాలి అనుకుంది. తొమ్మిది రోజులు చూసింది. పదో రోజు తెల్లారి పలమనేరు మీదుగా అత్తగారి పల్లెకు బస్సెక్కింది.

జయచంద్ర అరుగు మీద కూర్చుని వక్క నములుతున్నాడు. నిక్షేపంగా ఉన్నాడు. ఆమెను చూసి లేచి పెరట్లోకి పోయాడు. చిన్నక్క తలుపు తీయలేదు. రెండో భార్య రెడ్డెమ్మ కొట్టం దగ్గర ఉంది, పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు. జాకెట్టు ముందంతా పాలతో తడిసి ఉంది.

"మొన్న జ్వరమొచ్చి బిడ్డ పోయిందక్కా. మూడు దినాలు కాగింది. ఆస్పత్రికంటే ఎవురూ పలకల్యా," అంది. పేడ గంప దగ్గరికి లాక్కుంటూ, "నువ్వు పెంచుకోనంటివంట కదా?"

కృష్ణమ్మ కొట్టంలోకి చూసింది. మామను తాను చంపలేదని, ఆ పంతులు చెప్పింది అబద్ధమని ఇన్నేళ్ళూ నమ్మింది, ఆ నమ్మకం మీదే బతికింది. ఈ బిడ్డ విషయంలో అలా అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"నువ్వు ఎత్తుకుంటే ఏడ్చిందా?" రెడ్డెమ్మ అడిగింది. "నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఊరకుండేది కాదు."

"ఏడవలేదు," అంది కృష్ణమ్మ.

రెడ్డెమ్మ తల ఊపి, కొట్టంలో పేడ ఎత్తడానికి వంగింది. కృష్ణమ్మ ఆమె చేతిలోంచి గంప తీసుకుని దిబ్బ దాకా మోసుకుపోయి పోసి వచ్చింది. ఆ తర్వాత రోడ్డుకు నడిచింది.